మంచుకొండకు ఎద్దు నాడాలు

బందరు: ఏడో నంబరు వస్తువు

మా బందరులో మంచుగడ్డ రెండు చోట్లే కనిపిస్తుంది. గిలకలదిండి ఐసు ఫ్యాక్టరీలోనూ, సోడాకొట్లో గోనెసంచి కిందా. వాటి మీద నడవాల్సిన అవసరం మా తాతముత్తాతల్లో ఎవరికీ రాలేదు. అందుకే తొంభైల చివర ఒక వేసవిలో, విజయవాడలోని ట్రెక్కింగు సంఘంవారు హిమాలయ యాత్రకని పంపిన సైక్లోస్టైలు కాగితం చదువుతూ ఏడో నంబరు దగ్గర ఆగిపోయాను. "మంచుపై జారకుండుటకు బూట్లకు తొడుగు ఇనుప ముళ్ళు. ఎవరివి వారే తెచ్చుకొనవలెను. లేనివారు కనుమ వద్ద నిలిపివేయబడుదురు."

ఉన్ని టోపీ, టార్చిలైటు, వాజలీను మా వీధిలోనే దొరికాయి. ఇనుప ముళ్ళ సంగతి మాత్రం ఎవరూ వినలేదు. చెప్పులు కుట్టే ఆయన్ని అడిగితే, "బూట్లో ముల్లు దిగితే తీసిపెడతానమ్మా, దింపమంటే నా వల్ల కాదు" అన్నాడు. ఢిల్లీలో దొరుకుతాయని సంఘంవారు రాశారు. ఢిల్లీలో మాకు రైలు మారే వ్యవధి రెండు గంటలు. ఆ రెండు గంటల్లో నేను ముళ్ళను వెతుక్కోవడం కన్నా, మిగతావాళ్ళు నన్ను వెతుక్కోవడం ఖాయం.

నేను ఆడపిల్లల కాలేజీలో ఫిజిక్సు లాబు డిమాన్‌స్ట్రేటరుని. వయసు అప్పటికి నలభై ఆరు. వాలుబల్ల మీద చెక్కదిమ్మ పెట్టి, అది ఏ కోణం దగ్గర జారుతుందో ఇరవై ఏళ్ళుగా పిల్లల చేత రికార్డు పుస్తకాల్లో రాయించినదాన్ని. ఈసారి చెక్కదిమ్మ నేనే. మా ఆయన ప్రయాణం మాట ఎత్తగానే రెండు మోకాళ్ళూ పట్టుకుని కూర్చున్నారు. నాకు జతగా వచ్చింది నాంచారమ్మ.

నాంచారమ్మది గిలకలదిండి. ఇరవై ఏళ్ళుగా మా వీధికి చేపలు తెస్తుంది. నాకన్నా నాలుగేళ్ళు పెద్ద. నేను అక్కా అంటాను, ఆమె మేడంగారూ అంటుంది. ఆ రోజు అరుగు మీద తట్ట దించి, నా చేతిలో కాగితం ఏమిటని అడిగింది. చెప్పాను.

"కరెంటు లేకుండానే ఐసు గడ్డకట్టుద్దా అక్కడ?"

"కడుతుంది."

"ఎవరు అమ్ముతారు?"

"ఎవరూ అమ్మరక్కా. ఊరికే పడి ఉంటుంది."

ఈగలు తోలుకుంటున్న చెయ్యి ఆగిపోయింది. ముప్పై ఏళ్ళుగా దిమ్మ ఇంతని డబ్బు పోసి ఐసు కొన్న మనిషి. "ఊరికే పడున్న ఐసా," అని తట్టలోని ఐసును ఓసారి చూసి, "అది చూడకుండా పోకూడదండీ" అంది. పది రోజుల్లో కొడుకులతో పోట్లాడి, కోడళ్ళను బతిమాలి, తనూ పేరు ఇచ్చింది.

హిమాలయాల గురించి మీరు ఇదివరకే ఎన్నో చదివి ఉంటారు. మంచు ముళ్ళ కోసం కృష్ణాడెల్టాలో తిరిగినవాళ్ళ కథ మాత్రం చదివి ఉండరు. ముందు అదే చెబుతాను.

గుడివాడ: ఆరు ముళ్ళ అందగత్తెలు

గుడివాడలో పెద్ద ఆటవస్తువుల కొట్టు ఉందని, అందులో ముళ్ళ బూట్లు చూశానని మా వ్యాయామం టీచరు చెప్పింది. ఆదివారం పొద్దున్నే బస్సెక్కాం. కొట్టతను పాతికేళ్ళవాడు, చాలా మర్యాదస్థుడు.

"పాప ఏం చదువుతోందండీ? వంద మీటర్లా, రెండొందలా?"

"పాప కాదు, నాకే."

అతను నన్ను చూసి, నా పక్కన జరీ అంచు చీర కట్టుకుని వచ్చిన నాంచారమ్మను చూసి, "వారికీనా అండీ?" అన్నాడు. అవునన్నాను. నీలం చారలున్న తెల్లబూట్లు తెచ్చి ముందు పెట్టాడు. ముందరి అడుగున ఆరు ముళ్ళు, సూదుల్లా మెరుస్తున్నాయి. చూడగానే నాకు మనసు పారేసుకున్నట్టయింది.

నాంచారమ్మ బూటు తీసుకుని, వెల్లకిలా తిప్పి, అడుగున బొటనవేలితో నొక్కి, ముక్కు దగ్గర పెట్టుకుంది.

"వాసన చూస్తున్నారేంటమ్మా?"

"అలవాటయ్యా. నిన్నటిదో ఇయ్యాల్టిదో తెలవాలి గదా." మళ్ళీ తిప్పింది. "మడమకి ముళ్ళేవీ?"

"ఇవి పరిగెత్తేవాళ్ళవమ్మా. పరిగెత్తేటప్పుడు మడమ ఆనదు."

"మేం పరిగెత్తటానికి పోవట్లేదు బాబూ. పడకుండా ఉండటానికి పోతన్నాం."

మాట సబబుగానే ఉంది. కాని అప్పటికే నా పాదం బూటులో ఉంది. ఐదువందల ఇరవై చెప్పినదాన్ని ఆమె నాలుగువందల ముప్పైకి దించింది. దించాక కూడా, "వద్దండీ, ఇది తల మాత్రమే ఉన్న చేప" అంది. నేను వినలేదు. నలభై ఆరేళ్ళ వయసులో నీలం చారల బూట్లు కొనుక్కోవడానికి ఆడమనిషికి ఇంతకన్నా మంచి సాకు ఎప్పుడు దొరుకుతుంది.

తర్వాత హోటల్లో పెసరట్టు ఉప్మా తిన్నాం. గుడివాడ అల్లం పచ్చడి మా బందరు అల్లం పచ్చడి కన్నా ఒక మెట్టు పైనే ఉందని ఒప్పుకోక తప్పదు. దోమల్లో మాత్రం పైచేయి మాదే.

హంసలదీవి దారిలో: కొబ్బరితాడు

నాంచారమ్మ చెల్లెలు వీరమ్మ హంసలదీవి దగ్గర పల్లెలో ఉంటుంది. ఆమె భర్త చిన్నపడవ మీద వేటకు వెళ్తాడు. తడిసిన పడవచెక్క మీద నిలబడే మనిషికి జారుడు సంగతి తెలియకుండా ఉండదని నాంచారమ్మ వాదన. రెండురోజులు సెలవు పెట్టాను. పులిగడ్డ దగ్గర కృష్ణ దాటి దివిసీమలోకి దిగేసరికి బస్సులో సగంమందికి మేం ఎక్కడికి వెళ్తున్నామో, ఎందుకు వెళ్తున్నామో తెలిసిపోయింది. మాతో పాటు గంపలో రెండు కోళ్ళను తీసుకెళ్తున్న పెద్దావిడ, "ముళ్ళు దొరక్క ముళ్ళ కోసం తిరిగేవాళ్ళని ఇప్పుడే చూస్తన్నా" అంది. మా చేలగట్ల మీద తుమ్మముళ్ళు ఎన్నున్నాయో గుర్తుకొచ్చి నేనూ నవ్వాను.

వీరమ్మ పీతల కూర వండింది. కొబ్బరిచెట్టు నీడన కూర్చుని తిన్నాం. పీత గోరు పగలగొట్టడం నాకు చేతకాకపోతే, రోకలిబండ తెచ్చి నా కంచం పక్కన పెట్టింది. భోజనాలయ్యాక ఆమె భర్త కొబ్బరితాడు తెచ్చి నా పాదానికి ఎనిమిదంకెలా చుట్టి, మడ అడవి అంచున బురదలోకి నడవమన్నాడు. నడిచాను. బ్రహ్మాండంగా ఉంది. పది అడుగులు వేశాక తాడు బురద మింగి ఇంతలావైంది. పదకొండో అడుగుకు తాడు అక్కడే ఉండిపోయింది, నేను ముందుకొచ్చాను.

"బురదకైతే ఇది చాలమ్మా," అన్నాడాయన. "మీరు చెప్పే ఐసు రాయిలాగుంటదంటన్నారు. దానికి ఇనుమే కావాలి. అవనిగడ్డలో మస్తానని ఎడ్లకి నాడాలు కొడతాడు. ఆయన్ని అడగండి."

అవనిగడ్డ: నాలుగుకాళ్ళ వైద్యుడు

ఎడ్లకు గిట్టలు అరక్కుండా కింద కొట్టే ఇనప రేకులే నాడాలు. ట్రాక్టర్లు వచ్చాక ఆ పనికి గిరాకీ తగ్గింది. మస్తాను రోడ్డు పక్క గోనెపట్టా మీద సుత్తి, పట్టకారు, మేకుల డబ్బా పెట్టుకుని ఖాళీగా కూర్చుని ఉన్నాడు. తెల్లటి గడ్డం.

"రెండు జతల నాడాలు కావాలండీ," అన్నాను.

"ఎడ్లేవమ్మా?"

"ఎడ్లు లేవండీ. మాకే."

ఆయన తొందరపడలేదు. గడ్డం దువ్వుకుని మా ఇద్దరి పాదాలూ పరిశీలించాడు. "మామూలుగా పడదోసి, నాలుగు కాళ్ళూ కట్టేసి కొడతామమ్మా. మీరు నిలబడే కొట్టించుకుంటానంటే నాకేం అభ్యంతరం లేదు."

నాంచారమ్మ నవ్వి నవ్వి రోడ్డు మీద కూర్చుండిపోయింది. సంగతంతా చెప్పాం. అప్పుడాయన అడిగిన ప్రశ్నలు నేను మా లాబులో కూడా వినలేదు. ఎక్కడం ఎక్కువా, దిగడం ఎక్కువా? మంచు పొడిగా ఉంటుందా, నీరు పట్టి ఉంటుందా? మధ్యలో రాయి తగులుతుందా? ఎన్ని గంటలు నడవాలి? వీపున ఎంత బరువు? సంఘంవారి కాగితం తీసి చదివి వినిపించాను.

"ఎక్కేటప్పుడు ఎద్దు ముందరి గిట్టతో పట్టుద్ది. దిగేటప్పుడు వెనక గిట్టతో ఆపుద్ది. మనిషికి ఉన్నవి రెండే కాళ్ళు గనక, ముందూ వెనకా ఒక్క పాదంలోనే ఉండాలి," అన్నాడు. నా సంచిలోంచి నీలం చారల బూట్లు తీసి చూపించాను. సూదిముల్లును పట్టకారుతో పట్టి కొంచెం వంచాడు. అది వంగింది. నా మొహం చూసి మళ్ళీ నిటారుగా చేసి ఇచ్చాడు.

పాత లారీ కమానుపట్టీని పక్క కొలిమిలో కాల్చి, సాగగొట్టి, ఒక్కో పాదానికి రెండు రేకులు చేశాడు. అరికాలి ముందుభాగానికి ఒకటి, మడమకు ఒకటి. రేకు అంచులను కిందికి వంచి రంపపు పళ్ళలా కోశాడు. ముందు ఆరు పళ్ళు, వెనక నాలుగు. పన్ను పొడుగు బొటనవేలి గోరంత. ఇంకొంచెం పొడుగు పెట్టమన్నాను.

"పొడుగైతే మడమ మెలిక పడుద్దమ్మా. పొట్టిదైతే కరవదు. గోరంత చాలు."

రెండు రేకులనూ చిన్న గొలుసుతో కలిపి, చుట్టూ సైకిలు ట్యూబు పట్టీలు వేసి, యాత్రకని కొని వెంట తెచ్చుకున్న బూట్లు మా చేత వేయించి, వాటి మీదికి లాగి తొడిగాడు. పాదం పట్టుకుని గట్టిగా అటూ ఇటూ తిప్పి చూశాడు. రేకు కదల్లేదు. అలా తిప్పేటప్పుడు అలవాటు కొద్దీ నన్ను, "హో, హో, అయిపోయింది, అయిపోయింది" అని ఊరడించాడు. రెండు జతలకు నూట ఇరవై తీసుకున్నాడు. టీ మాత్రం ఆయనే ఇప్పించాడు.

గిలకలదిండి: ఐసు దిమ్మల మీద పరీక్ష

కొనడం ఒక ఎత్తు, నమ్మడం ఒక ఎత్తు. నాంచారమ్మకు తెలిసిన ఐసు ఫ్యాక్టరీ ఉంది. అక్కడ మేస్త్రీ ఈశ్వరరావు. పొద్దున చేపల వేలంపాట అయిపోయాక రమ్మన్నాడు. వెళ్ళేసరికి పాట అయిపోయింది గాని పాడినవాళ్ళెవరూ ఇంటికి వెళ్ళలేదు. వలలు బాగుచేసుకునేవాళ్ళు కూడా వలలతో సహా వచ్చి ఫ్యాక్టరీ గుమ్మంలో కూర్చున్నారు. నాంచారమ్మ ఊరంతా చెప్పేసింది.

ఈశ్వరరావు ఆరు దిమ్మలు పక్కపక్కన పేర్పించాడు. ఒక చివర చెక్కలు దోపి వాలు పెంచుకుంటూ పోయే ఏర్పాటు చేశాడు. నేను లాబు నుంచి కోణమానిని తెచ్చాను. ఆ వస్తువు చూసి జనంలో నా మీద గౌరవం పెరిగిన మాట నిజం. అది మూడు నిమిషాలు నిలిచింది.

ముందు నీలం చారల బూట్లు. బల్లపరుపు దిమ్మ మీద మునివేళ్ళ మీద నాలుగు అడుగులు బాగానే వేశాను. ఐదో అడుగుకు మడమ ఆనింది. ఆ తర్వాత నేను చూసింది ఫ్యాక్టరీ కప్పు. పడిన చోటు ఎలాంటిదంటే, వారం రోజులు కాలేజీలో నిలబడే పాఠం చెప్పాను. "కోణం ఎంతండీ?" అని ఎవరో అడిగారు. సున్నా.

తర్వాత నాంచారమ్మ కొబ్బరితాడు చుట్టుకుని ఎక్కింది. బల్లపరుపుగా ఉన్నంతసేపు ఫరవాలేదు. పది డిగ్రీలు దాటగానే మెల్లగా, హుందాగా, నిలబడిన భంగిమ చెడకుండా కిందికి వచ్చేసింది. జనం చప్పట్లు కొట్టారు.

ఆఖర్న మస్తాను నాడాలు. కరకరమని కరిచాయి. పది, పదిహేను, ఇరవై. ఎక్కాం, దిగాం, మధ్యలో ఆగాం. ఇరవై ఐదు దగ్గర నాకే భయం వేసి చాలన్నాను. కిందికి దిగి గర్వంగా సిమెంటు గచ్చు మీద నడవబోయిన నాంచారమ్మ సర్రున జారి గోడ పట్టుకుంది. ఐసు మీద పట్టే పళ్ళు గచ్చు మీద పట్టవు. రాయి వస్తే విప్పెయ్యాలని అక్కడే నేర్చుకున్నాం. కాళ్ళు కొంచెం ఎడంగా వెయ్యాలని కూడా. ఆ వేళే మొదటిసారి తొడుక్కున్న నా పంజాబీ డ్రస్సు పైజామాను కుడికాలి నాడా పట్టుకుని బెత్తెడు చింపింది. నాంచారమ్మ చీరను గోచిపోసి కట్టింది. దానికేమీ కాలేదు.

అంతా బాగానే ఉంది. ఇక్కడే నేనొక తెలివితక్కువ పని చేశాను. నా జత నాడాలకు సైకిలు ట్యూబు పట్టీలు తీయించి, ఇత్తడి బకిల్సుతో తోలుపట్టీలు కుట్టించాను.

"ట్యూబుకేమొచ్చిందండీ?" అంది నాంచారమ్మ.

"పంక్చరు వేసినట్టుందక్కా చూడ్డానికి."

ఆమె తనవి మాత్రం మార్పించుకోలేదు.

మనాలీ అవతల: తట్ట, బుట్ట

రైళ్ళూ బస్సులూ వదిలేస్తాను. మూడు రాత్రులు, రెండు పగళ్ళు. అంతలో మాతో వచ్చిన పదిమందిలో ఏడుగురికి నాంచారమ్మ ఎండుచేపల పచ్చడి అలవాటు చేసేసింది. తినని ముగ్గురికి గోంగూర.

మనాలీ దాటాక కొండ కింది పల్లెలో రెండు రోజులు గాలి అలవాటు కావడానికి ఉంచారు. టీ నాలుగు రూపాయలు. బందరులో రూపాయిన్నర. అయితే ఇక్కడ గ్లాసుడు ఇస్తారు, పట్టుకుని చేతులు కాచుకోవచ్చు. రెండు పనులు చేస్తుంది కనుక ధర న్యాయమేనని నాంచారమ్మ తీర్పు చెప్పింది. రోజూ రాజ్మా, అన్నం. అన్నం కనిపించినప్పుడల్లా మేం బంధువుని చూసినట్టు చూసేవాళ్ళం.

అక్కడి ఆడవాళ్ళు కట్టెల బుట్టను వీపున వేసుకుని, దాని పట్టీని నుదుటికి తగిలించుకుని నడుస్తారు. ఒకావిడ మా గుడారం ముందు బుట్ట దించి ఆయాసం తీర్చుకుంటుంటే, నాంచారమ్మ వెళ్ళి సైగలతో ఆ బుట్టను తన తల మీద పెట్టమంది. పెట్టారు. చెయ్యి పట్టుకోకుండా యాభై గజాలు నడిచి, తిరిగి వచ్చి దించింది. ఆ కొండ ఆవిడ నోరు తెరుచుకుని చూసి, తనూ పెట్టుకుని చూస్తానంది. మూడో అడుగుకు కట్టెలన్నీ నేల మీద పడ్డాయి. పట్టీ నుదుటికి తగిలించుకోవడం నాంచారమ్మకూ రాలేదు, మెడ పట్టేసింది. ఇద్దరూ ఒకళ్ళ భాష ఒకళ్ళకు తెలియకుండా గంటసేపు మాట్లాడుకున్నారు. కోడళ్ళ గురించే అనుకుంటాను.

సాయంత్రం మా గైడు ప్రేమ్‌సింగ్ అందరి ముళ్ళూ పరీక్షించాడు. నలభై ఏళ్ళుంటాయి. తక్కువ మాట్లాడే మనిషి. నాకు వచ్చిన పరీక్ష హిందీతో అతనితో నెట్టుకొచ్చేదాన్ని. ఒకతను తెచ్చిన ఫుట్‌బాలు బూట్లను పక్కన పెట్టించి తన దగ్గరి జత ఇచ్చాడు. మా నాడాలను వంచి చూశాడు, విదిలించాడు, గోటితో పళ్ళు మీటాడు. ఎవరు చేశారని అడిగాడు. ఎద్దులకు కొట్టేవాడని చెప్తే మొదటిసారి నవ్వాడు.

"ఈ దారికి ఇవి చాలు. దీనికన్నా నిటారు వాలుకి ఇవి పనికిరావు. అక్కడ పెద్ద ముళ్ళు, గొడ్డలి, తాడు అన్నీ కావాలి. ముళ్ళున్నాయి కదా అని పెద్ద వాలు ఎక్కేవాళ్ళే ఎక్కువ పడతారు." తర్వాత నా బకిల్సు చూశాడు. "తోలా? తడిస్తే సాగుతుంది. గంటకోసారి బిగించుకోండి. వదులైతే నాకు చెప్పండి."

సరేనని తలాడించాను.

మంచు మీద

తెల్లారకముందే బయల్దేరాం. మంచు గట్టిగా ఉండేది పొద్దునే, ఎండెక్కితే మెత్తబడుతుంది. మొదటి మంచుపట్టీ దగ్గర అందరం నాడాలు తొడుక్కున్నాం. నాంచారమ్మ తొడుక్కోకముందే వంగి, అరచేత్తో మంచును తడిమింది. తట్టి చూసింది. చెవి దగ్గరగా పెట్టి మళ్ళీ తట్టింది. పక్కనున్నవాళ్ళు దణ్ణం పెట్టుకుంటోందనుకున్నారు.

"ఎట్టా ఉందక్కా సరుకు?"

"పైన పొడి కలిపారండీ. లోపల మంచిదే ఉన్నట్టుంది."

నడక బాగా సాగింది. గిలకలదిండిలో నేర్చుకున్నట్టే, కాళ్ళు ఎడంగా, పాదం మొత్తం ఒక్కసారి ఆనేలా. రాళ్ళు వచ్చినప్పుడు విప్పడం, మంచు వచ్చినప్పుడు తొడగడం. మూడోసారి తొడిగేటప్పుడు తోలుపట్టీ నానిపోయి ఉంది. బకిల్సు ఆఖరి రంధ్రంలో పెట్టాను. ఇంకా వదులే. రెండు చోట్ల చేత్తో ముడి వేయబోతే వేళ్ళు మొద్దుబారి పట్టు దొరకలేదు.

అప్పుడు చెప్పి ఉండాల్సింది. నేను చెప్పలేదు. బృందంలో అందరికన్నా పెద్దవాళ్ళం మేమిద్దరం. పొద్దుటినుంచీ ఆ ఫుట్‌బాలు బూట్ల కుర్రాడు, "ఆంటీ, మెల్లగా రండి, మేం ఆగుతాం" అంటూనే ఉన్నాడు. నా వల్ల అందరూ ఆగడం నాకిష్టం లేకపోయింది. ఇంకో అరగంటలో కనుమ. అరగంటేగా అనుకున్నాను.

నాలుగో మంచుపట్టీ వాలుకి అడ్డంగా ఉంది. కుడికాలి మడమ రేకు పక్కకు తిరగడం నాకు స్పష్టంగా తెలిసింది. పళ్ళు బయటి వైపు చూస్తున్నాయి. రెండడుగులు అలాగే వేశాను. మూడో అడుగుకు కాలు కింద ఏమీ లేదు.

జారడం చాలా నిశ్శబ్దంగా ఉంటుందని నాకు అంతకుముందు తెలియదు. ఆకాశం, బూట్లు, మళ్ళీ ఆకాశం. చేతులతో మంచును గోకుతున్నాను, అది నా గోళ్ళను పట్టించుకోవడం లేదు. ఎంతసేపో తెలియదు. ఎండపడి మెత్తబడిన మంచుగుట్ట ఒకటి కింద ఉండబట్టి అందులో నడుముదాకా దిగబడి ఆగాను. దానికి కుడివైపు నాలుగు గజాల దూరంలో రాళ్ళు.

"కదలమాక. కదలమాక నువ్వు. నేనొస్తన్నా." నాంచారమ్మ గొంతు. ఇరవై ఏళ్ళలో ఆమె నన్ను నువ్వు అనడం అదే మొదటిసారి.

ప్రేమ్‌సింగ్ ఆగమని అరుస్తున్నా వినకుండా ఆమె దిగివచ్చింది. పక్కకు తిరిగి, ఒక్కో అడుగూ కొట్టుకుంటూ, తడిసిన బోటు మీద తట్టతో నడిచినట్టు. వచ్చి నా చెంపలు తడిమి, చేతులు తడిమి, కాలు తడిమింది. మడమ దగ్గర ముట్టుకోగానే నేను కేక పెట్టాను. ఎముక విరగలేదని, బెణికిందని వెనకే వచ్చిన ప్రేమ్‌సింగ్ తేల్చాడు. అప్పుడు నా బూటుకు పక్కగా వేళ్ళాడుతున్న రేకును చూశాడు.

"ఇది వదులైందని మీకు తెలుసా?"

అబద్ధం చెప్పడానికి నోరు తెరిచాను గాని రాలేదు. "తెలుసు," అన్నాను.

అతను కోప్పడలేదు. జేబులోంచి సన్నటి తాడు చుట్ట తీసి చూపించాడు. "చెప్పి ఉంటే రెండు నిమిషాల్లో కట్టేవాణ్ణి."

ఆ తాడుతోనే నా మడమకు కట్టు కట్టాడు.

ఇద్దరూ కలిసి నన్ను కిందనున్న చదునైన రాతి దగ్గరికి చేర్చారు. అక్కడ మా వంటమనిషి సామానుతో ఉన్నాడు. నాంచారమ్మ నా పక్కన చతికిలబడి కూర్చుంది.

"నువ్వు వెళ్ళక్కా."

"నేనెందుకండీ. చూసేశా గదా ఐసు."

"అంచు చూశావు. అసలుది పైన ఉందంటున్నాడు. వెళ్ళిరా. నువ్వు కూడా వెళ్ళకపోతే నేను రెండు కాళ్ళూ విరగ్గొట్టుకున్నదానితో సమానం."

కాసేపు తన బూట్ల మీది సైకిలు ట్యూబు పట్టీలు లాగి చూసుకుంది. నావైపు చూడకుండా చూసుకుంది, అది ఆమె మంచితనం. లేచి ప్రేమ్‌సింగ్ వెంట వెళ్ళింది. గోచిపోసిన ఎర్రచీర, పైన మా ఆయన స్వెట్టరు, చేతిలో కర్ర. మలుపు తిరిగేదాకా కనిపించింది.

మూడు గంటలు కూర్చున్నాను. వంటమనిషి రెండుసార్లు టీ ఇచ్చాడు. రాతి మీద కూర్చుని నా మీద నేను కోపగించుకోవడానికి అది చాలినంత సమయం. భయం ఆ తర్వాత వచ్చింది. కుడివైపు రాళ్ళను చూసినప్పుడల్లా మధ్యలోని ఆ నాలుగు గజాలు మళ్ళీ కొలుచుకునేదాన్ని.

నాంచారమ్మ తిరిగి వచ్చేటప్పుడు చంకలో మూట ఉంది. శాలువా విప్పింది. లోపల తువ్వాలు, దాని లోపల ఎండుగడ్డి, దాని లోపల కొబ్బరికాయంత మంచుగడ్డ. అద్దంలా ఉంది.

"పైదాకా వెళ్ళావా?"

"ఎల్లానండీ. అవతలపక్కంతా తెలుపే. ఎంత దూరం చూసినా ఎవరూ కొనటం లేదు, ఎవరూ అమ్మటం లేదు." గడ్డను ఎండకు ఎత్తి పట్టింది. "ఇది చూడండి. మన ఫ్యాక్టరీ దిమ్మకి మధ్యలో తెల్లగా వెన్ను ఉంటదిగా. దీనికి లేదు."

రాతికి కొట్టి రెండు ముక్కలు చేసి, పెద్దది నాకిచ్చింది. చెయ్యి మంట పుడుతున్నా ఇద్దరం కొరుక్కుని తిన్నాం. ఏ రుచీ లేదు. అంత చల్లటి, ఏ రుచీ లేని వస్తువు నేను మళ్ళీ తినలేదు.

తిరిగి గిలకలదిండి

వచ్చిన వారానికి, కుంటుతూనే, ఈశ్వరరావుకూ మిగతావాళ్ళకూ కనపడి వద్దామని వెళ్ళాను. ఐసు ఫ్యాక్టరీ గుమ్మంలో అప్పటికే నాంచారమ్మ చుట్టూ ఇరవైమంది ఉన్నారు. ఆమె వీపు నావైపు ఉంది. నేను రావడం చూడలేదు.

"ఆ ఆఖరి వాలు దగ్గర నాకు గుండె జారిపోయిందిరా," అని చెబుతోంది. "మేడంగారు వెనక్కి తిరిగి, రా అక్కా, ఏం కాదు అని చెయ్యిచ్చారు. ముందు ఆమె ఎక్కింది, ఎనకాల నేను. దిగేటప్పుడు మాత్రం పాపం, రాయి తగిలి కాలు బెణికింది."

ఈశ్వరరావు నన్ను చూసి లేచి నిలబడ్డాడు. అందరూ తిరిగారు. నాంచారమ్మ కూడా తిరిగింది. ఒక్క క్షణం కూడా తడబడలేదు.

"అదుగో, వచ్చారు. చెప్పండి మేడంగారూ, నేను చెప్పింది అబద్ధమైతే."

వలలు పక్కన పెట్టి ఇరవైమంది నావైపు చూస్తున్నారు. నాకు కుర్చీ తెచ్చి వేశారు, టీకి మనిషిని పంపారు. ఆమె కళ్ళు నా మొహం మీదే ఉన్నాయి, నవ్వు అణచుకుంటూ.

"నిజమే," అని కుర్చీలో కూర్చున్నాను.

ఆ టీ తాగినందుకు ఇది రాయాల్సి వచ్చింది. కనుమ ఎక్కింది నాంచారమ్మ. నేను ఎక్కలేదు.